నిప్పు తగలని పాలు

కాచిన పాలు తాగేవాళ్ళందరూ సగం చచ్చినవాళ్ళేనని సహజాహార మండలి ఛైర్మన్ గారికి ఒక సోమవారం పొద్దున్న తెలిసింది.

అంతకు ముందు మూడు రోజులు ఆయన కొండ మీద ఏదో ప్రకృతి శిబిరంలో గడిపాడు. అక్కడ గడ్డం పెంచిన పెద్దమనిషి ఒకాయన మట్టి ముంతలో పచ్చిపాలు పోసిచ్చి, "ఇది ప్రాణం. మీరు ఇన్నాళ్ళూ తాగింది దాని శవం" అన్నాడు. ఛైర్మన్ గారు గటగటా తాగి, శిబిరం మెట్లు నలభై ఒక్కటీ ఆయాసం లేకుండా ఎక్కేశాడు. ఆ మూడు రోజులూ ఫోను మోగలేదు, మీటింగు లేదు, కంటినిండా నిద్రపోయాడు. ఆ సంగతులేవీ లెక్కలోకి రాలేదు. గొప్పంతా పాలకే పోయింది.

మంగళవారం కమిటీ వేశారు. బుధవారం కమిటీ నివేదిక ఇచ్చింది. గురువారం ఉత్తర్వు వెలువడింది. అదే ఆఫీసులో కాలిపోయిన బల్బు మార్చడానికి ఏడాదిన్నర పట్టిందని గిట్టనివాళ్ళు అంటారు గానీ, బల్బుకి జీవశక్తి లేదు కదా.

ఆ ఉత్తర్వు కాపీ శనివారానికి కొత్తమల్లవరం బాలికల హాస్టలుకి చేరింది. వార్డెను హైమావతి దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చి, గుమ్మంలో నిలబడే చదివింది.

"సూచిక: ఛైర్మన్ గారి స్వానుభవము. పాలయందు గల జీవశక్తి అగ్నిస్పర్శచే నశించుచున్నందున, మండలి పరిధిలోని సమస్త హాస్టళ్ళయందును పాలను ఎట్టి పరిస్థితులలోను కాచరాదు, మరిగించరాదు, పొయ్యికి మూడు గజముల లోపు ఉంచరాదు. అతిక్రమించినవారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును."

వంటమనిషి నాంచారమ్మ బెండకాయలు తరుగుతూ అంతా విన్నది. ఆవిడ ఆ హాస్టల్లో వంట మొదలెట్టి ఇరవై రెండేళ్ళు. తొంభై ఆరుమంది ఆడపిల్లలకి ఆవిడ అమ్మమ్మ. రోజుకూలీగా చేరి, కాంట్రాక్టుగా మారి, ఇన్నేళ్ళకి పర్మినెంటు చేస్తామని ఫైలు కదిలింది. ఆ ఫైలు ప్రస్తుతం ఇదే మండలివారి జిల్లా అధికారి విశ్వంభరరావు గారి బల్ల మీద ఉంది.

"ఇది రాసినాయన ఇంట్లో పాలు ఎవరు కాస్తారు మేడంగారూ?" అంది నాంచారమ్మ.

"వాళ్ళావిడ కాస్తుందనుకుంటా."

"మరి ఆవిడకి పంపారా ఈ కాయితం?"

"నవ్వులాట కాదు నాంచారమ్మా. సంతకం పెట్టాలి, చదివి అర్థం చేసుకున్నట్టు."

"చదివింది మీరు. నాకు అర్థం కాలేదు. సంతకం ఎవరు పెట్టాలో మీరే చెప్పండి."

చివరికి వేలిముద్ర వేసింది. సంతకం వచ్చినా వేలిముద్రే వేసింది, ఎందుకైనా మంచిదని.

హాస్టలుకి పాలు పోసేది ఏడుకొండలు. మంచివాడే. నీళ్ళు కలుపుతాడు గాని, కలిపేవి మంచినీళ్ళే. ఆదివారం పొద్దున్న క్యాను దించి, కొత్త ఉత్తర్వు సంగతి విని, తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. గేదె పొదుగు తుడిచేది కూడా ఆ తువ్వాలుతోనే.

"అక్కా, నా గేదెలు బంగారం. వాటిని ఒక్క మాట అంటే నేనొప్పుకోను. కానీ కాచకుండా మాత్రం నేను తాగను."

"ఎందుకురా, బంగారమన్నావుగా?"

"బంగారమే. కానీ అది ఎక్కడ పడుకుని లేస్తుందో నాకు తెలుసు కదా."

అయినా ఉత్తర్వు ఉత్తర్వే. ఆ రోజు తొంభై ఆరు గ్లాసుల పచ్చిపాలు పోశారు. కొంతమంది పిల్లలు ముక్కు మూసుకుని తాగారు, కొంతమంది కిటికీలోంచి జామచెట్టుకి పోశారు. మర్నాడు మధ్యాహ్నానికి జామచెట్టు బాగానే ఉంది. పదకొండుమంది పిల్లలు మాత్రం మంచాలెక్కారు. వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆరో తరగతి పిల్ల ఒకతి నాంచారమ్మ చీరకొంగు పట్టుకుని, "అమ్మమ్మా, కడుపులో ఎవరో పిండుతున్నారు" అంటూ వదల్లేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టర్ షకీలా వచ్చింది. చిన్న వయసు, పెద్ద సంచీ. పిల్లలందరికీ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టించి, ఇద్దరికి సెలైను పెట్టి, వంటింటి అరుగు మీద కూచుని అడిగింది.

"పాలు కాచలేదా పెద్దమ్మా?"

"కాచకూడదన్నారు డాక్టరమ్మా. కాస్తే జీవశక్తి పోతుందంట."

"పోతుంది. క్రిములకి ఉన్న జీవశక్తి పోతుంది. పొదుగు మీద పేడ ఇసుమంత అంటుకున్నా చాలు, క్రిములు పెరగడానికి పాలకంటే మంచి చోటు వాటికి దొరకదు. ఈ విరేచనాలు నాలుగు రోజుల్లో తగ్గుతాయి. కొన్ని జబ్బులైతే ఉన్నట్టు గేదెకి కూడా తెలీదు. చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది. ఆ పాలు పచ్చిగా తాగిన మనిషికి నెలల తరబడి జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, కీళ్ళు పట్టేస్తాయి. క్షయ కూడా పాలలోంచి రావచ్చు. పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ మరీ ప్రమాదం."

"మరి కాస్తే పాలలో బలం పోదా?"

"బలం ఎక్కడికీ పోదు. పోయే కాస్త విటమిను ఒక జామకాయ తింటే వచ్చేస్తుంది. ఇంత గొడవకీ మందు ఒక్కటే పెద్దమ్మా, ఒక పొంగు."

హైమావతి ఈ సంగతంతా పైకి రాసింది. మండలి పని చాలా చురుగ్గా సాగుతున్న రోజులవి. నాలుగో రోజుకల్లా విశ్వంభరరావు గారి సంతకంతో జవాబొచ్చింది.

"మీ హాస్టలునందు పదకొండుమంది బాలికలకు కలిగినది అస్వస్థత కాదనియు, చిరకాలముగా కాచిన పాలచే దేహమునందు పేరుకొనియున్న మలినములు బహిర్గతమగు శుద్ధి ప్రక్రియ యనియు తెలియజేయడమైనది. ఇకపై నివేదికలయందు 'విరేచనములు' అను పదము వాడరాదు. 'శుద్ధి' అని వ్రాయవలెను. ఇందునిమిత్తము ఒక రిజిస్టరు జతపరచడమైనది."

రిజిస్టరు చాలా అందంగా ఉంది. ఆకుపచ్చ అట్ట. లోపల గళ్ళు: బాలిక పేరు, తరగతి, శుద్ధి ప్రారంభమైన సమయము, ఎన్నిసార్లు, బాలిక ఆనందించినదా లేదా.

ఆ చివరి గడి దగ్గర నాంచారమ్మ కాసేపు ఆగింది. తర్వాత రిజిస్టరు మూసి, దాన్ని ఉప్పు జాడీ మీద మూతగా పెట్టి, వార్డెను గది వైపు నడిచింది.

"మేడంగారూ, రేపట్నించీ పొద్దున్న ఆరు నుంచి ఆరున్నర దాకా మీరు పూజ చేసుకోండి."

"నా పూజకి అరగంట ఎక్కడ పడుతుంది నాంచారమ్మా? దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటే అయిపోయె."

"పట్టించుకోండి. గది తలుపులేసుకుని చేసుకుంటే మరీ మంచిది. వంటింటి వాసనలు పూజకి పడవు."

హైమావతి ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ హైమావతి మొహంలోకి చూసింది. మర్నాటి నుంచి వార్డెను గారికి భక్తి ముదిరింది. ఆరు కొట్టేసరికి గది తలుపులు పడేవి, గంట మోగేది. ఇటు వంటింట్లో సాంబారు కాచే పెద్ద గుండిగలో ముప్పై లీటర్ల పాలు బుసబుసా పొంగేవి. గుండిగను నీళ్ళ తొట్టిలో పెట్టి పాలు చల్లార్చి, మీగడ తీసేసి, ఏడుకొండలు క్యానులోకే తిరిగి పోసి, పిల్లల ముందుకి పచ్చిపాలుగా తెచ్చేది నాంచారమ్మ. తీసిన మీగడ ఏం చెయ్యాలో తెలియక పిల్లలకే ఇడ్లీల్లోకి వేసేది. రెండు నెలలు తిరిగేసరికి హాస్టలు పిల్లల బుగ్గలు కంచు చెంబుల్లా మెరవసాగాయి.

ఈలోపల జిల్లా అంతటా పచ్చిపాల ఊపు పెరిగింది. విశ్వంభరరావు గారు పొంగు నిఘా దళం అని ఒకటి పెట్టాడు. ఒక జీపు, ముగ్గురు మనుషులు, ఒక భూతద్దం. భూతద్దం మీగడ కోసం. గిన్నె అంచున మీగడ కనిపించిందా, ఎవరో నిప్పు వాడినట్టే. బస్టాండు దగ్గర టీ కొట్టువాళ్ళు డికాషను ఒక గ్లాసులో వేడిగానూ, పాలు ఇంకో గ్లాసులో చల్లగానూ ఇవ్వసాగారు. రెండూ తాగేసి మూడుసార్లు ఎగిరితే కడుపులో టీ అయ్యేదట. పొద్దున్న పూట బస్టాండులో జనం ఎగురుతుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో వ్యాయామ పథకం అనుకునేవాళ్ళు. మిఠాయి కొట్ల ముందు, "కోవా అనగా ఏమి? పాలను ఆరు గంటలు హింసించగా మిగిలినది" అని మండలి బోర్డు వెలిసింది.

అసలు చిక్కు గృహప్రవేశాల దగ్గర వచ్చింది. కొత్తింట్లో పాలు పొంగాలి, లేకపోతే ఇల్లు అచ్చిరాదు. కాస్తే జీపు వస్తుంది. మున్సిపాలిటీలో ఇంజనీరు ఒకాయన ఇల్లు కట్టుకుని రెండువైపులా నలిగిపోయి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. గిన్నె నిండా పచ్చిపాలు పోసి, బొప్పాయి ఆకు కాడ ఒకటి అందులో ముంచి, శక్తి కొద్దీ ఊదాడు. పురోహితుడు మంత్రాలు చదువుతూనే, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ ఉత్సాహపరిచాడు. నురగ లేచింది, అంచు దాటింది, పొంగింది. అతిథిగా వచ్చిన విశ్వంభరరావు గారు వేలు ముంచి చూసి, "పొంగినది గాని మరగలేదు. నిబంధనలకు లోబడియే యున్నది" అని అక్కడికక్కడే సర్టిఫికెట్టు రాసిచ్చాడు. ఇల్లు అచ్చొచ్చింది. ఇంజనీరు మాత్రం కళ్ళు తిరిగి సాయంత్రం దాకా ఆ కొత్తింట్లోనే పడుకున్నాడు.

ఆ తర్వాత పాలు పొదుగు వేడిలోనే పిల్లలకి అందాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. వెచ్చబెట్టకూడదు, చల్లారకూడదు. అంటే గేదే హాస్టలుకి రావాలి. పెదలంక హాస్టల్లో భోజనాల గదిలోకే గేదెను తోలారు. దూడ లేనిదే అది పాలు చేపదు కనక దూడ కూడా వచ్చింది. పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. గేదె వాళ్ళను చూసింది, గోడ మీద ఆరోగ్య సూత్రాలు చూసింది, తర్వాత హాజరుపట్టీ తినేసింది. ఆ రోజు ఎంతమంది పిల్లలు హాజరయ్యారో ఇప్పటికీ దానికి తప్ప ఎవరికీ తెలియదు.

కొత్తమల్లవరానికి గేదె రాలేదు. ఆ వీధి మలుపులో మోరీ మీద పలక విరిగింది. బాగు చెయ్యమని పెట్టుకున్న అర్జీ ఆరేళ్ళుగా ఆఫీసులో ఉంది గనక గేదె దాటలేదు. గేదె బదులు విశ్వంభరరావు గారే తనిఖీకి వచ్చాడు, సరిగ్గా నాంచారమ్మ గుండిగ దించిన క్షణానికి.

"ఇందులో ఏమున్నది?"

"చారండి."

ఆయన మూత తీసి తొంగి చూశాడు. "తెల్లగా ఉన్నదే?"

"ఇంకా చింతపండు వెయ్యలేదండి."

ఆయన పుస్తకం తీసి రాసుకున్నాడు: "చారు పరిశీలించితిని. తెలుపు. సంతృప్తికరము." తర్వాత భోజనాల గదిలోకి వెళ్ళి, మూతి మీద తెల్లటి మీసాలతో కూర్చున్న ఆరో తరగతి పిల్లను పలకరించాడు.

"పాపా, పాలు ఎట్లున్నవి?"

"పచ్చిగా ఉన్నాయి సార్."

"పచ్చిగా అనగా?"

ఆ పిల్ల ఆలోచించింది. "మా అమ్మమ్మ అస్సలు కాచనట్టు ఉన్నాయి సార్."

వెనకనుంచి తొంభై అయిదు గొంతులు, "అవును సార్" అన్నాయి.

ఎనిమిది నెలలు గడిచాయి. తక్కిన హాస్టళ్ళలో శుద్ధి రిజిస్టర్లు నిండిపోయి రెండో సంపుటాలు, మూడో సంపుటాలు తెరిచారు. పెదలంకలో ఒక పిల్ల శుద్ధి నలభై రోజులు సాగింది. సాయంత్రం అయ్యేసరికి జ్వరం, తెల్లారేసరికి చెమటలు, మోకాళ్ళు వంగక మంచం దిగలేని స్థితి. ఆ పిల్లను జిల్లా ఆస్పత్రిలో చూసొచ్చిన రోజు డాక్టర్ షకీలా నాంచారమ్మ ఇచ్చిన టీ తాగకుండా చాలాసేపు గ్లాసు చేత్తో పట్టుకునే కూచుంది.

"నాలుగు ఉత్తరాలు రాశాను పెద్దమ్మా. నాలుగింటికీ జవాబొచ్చింది, 'అందినది' అని."

కొత్తమల్లవరం రిజిస్టరు మాత్రం మొదటి పేజీ తర్వాత ఖాళీ. మొదటి పదకొండుమంది తర్వాత ఒక్క శుద్ధి లేదు. విశ్వంభరరావు గారు జిల్లా రిజిస్టర్లన్నీ ముందేసుకుని తలపట్టుకుని, చివరికి సత్యం గ్రహించాడు. జబ్బు పడ్డచోట పథకం పనిచేస్తోంది. జబ్బు పడనిచోట పథకం పనిచేయడం పూర్తయింది. ఈ లెక్కన పథకం ఓడిపోయే మార్గం ఎక్కడా లేదు.

వెంటనే కొత్తమల్లవరం హాస్టలును జిల్లాకే ఆదర్శ పచ్చిపాల కేంద్రంగా ప్రకటించారు. వచ్చే నెల అయిదో తారీఖున ఛైర్మన్ గారు స్వయంగా వస్తున్నారు. నాంచారమ్మకు శాలువా కప్పి, పర్మినెంటు ఆర్డరు ఆయన చేతుల మీదుగా ఇస్తారు. అదే వేదిక మీద, ఈ హాస్టలు సాధించిన ఫలితాల ఆధారంగా, జిల్లాలోని పదకొండు వందల అంగన్‌వాడీల్లో పసిపిల్లలకి కూడా పచ్చిపాలు ప్రకటిస్తారు.

ఈ కబురు తెచ్చి హైమావతి, "ఇరవై రెండేళ్ళ కష్టం ఫలించింది నాంచారమ్మా" అంది. గొంతులో సంతోషం పూర్తిగా పలకలేదు.

ఆదివారం నాంచారమ్మ కూతురు శ్రీలత పెదలంక నుంచి వచ్చింది, చంకలో రెండున్నరేళ్ళ బుజ్జితో. వస్తూనే తల్లి ముందు ఒక కరపత్రం పెట్టింది. దాని మీద నాంచారమ్మ ఫొటో ఉంది. కింద, "ఈ తల్లి చేతి పచ్చిపాలు, మీ పాపకు వెయ్యేళ్ళు" అని ఉంది.

"మా అంగన్‌వాడీలో పంచారమ్మా. మిగతా తల్లులు వద్దంటుంటే నేనే సర్దిచెప్పా. మా అమ్మ పచ్చివి పోస్తే తొంభై ఆరుమంది రాయిలాగా ఉన్నారు, మీకేం భయం అన్నా. ముందు మా బుజ్జికే పొయ్యమన్నా."

నాంచారమ్మ బుజ్జిని ఒళ్ళోకి తీసుకుంది. అది అమ్మమ్మ గాజులు లెక్కపెడుతూ, ఒకటి తర్వాత ఏడు అంటోంది.

శ్రీలత వెళ్ళాక ఆవిడ వార్డెను గదిలోకి వెళ్ళి నేల మీద కూచుంది. హైమావతి కుర్చీ దిగి పక్కన కూచుంది.

"చెప్పేస్తానమ్మా."

"చెప్తే నీ పర్మినెంటు పోతుంది. అదొక్కటే కాదు, ఉన్నది కూడా పోతుంది. నా ఉద్యోగం కూడా."

"మిమ్మల్ని ఎందుకంటారు? మీరు పూజలో ఉన్నారు."

"ఎనిమిది నెలల పూజ ఎవరు నమ్ముతారే?"

ఇంకా నాలుగేళ్ళు ఉద్యోగం ఉన్న నాంచారమ్మకి, ఆ తర్వాత పింఛను ఉంటే ఒక బతుకు, లేకపోతే ఇంకో బతుకు. హైమావతికి ఇద్దరు కొడుకుల చదువు.

"ఇక్కడి పిల్లలు నా కళ్ళ ముందున్నారు, నేను కాచుకున్నాను" అంది నాంచారమ్మ. "పదకొండు వందల చోట్ల పాలు నేను కాచలేను కదమ్మా."

హైమావతి, "పూజ అరగంట కాదు, ముప్పావుగంట చేశానని చెప్పు" అంది. "ఎలాగూ అబద్ధం, పెద్దదే చెబుదాం."

అయిదో తారీఖు రానే వచ్చింది. హాస్టలు ఆవరణలో షామియానా, వేదిక మీద, "నిప్పులేని పాలు, నొప్పిలేని జీవితం" అని బ్యానరు. మోరీ మీద కొత్త పలక వేశారు, ఛైర్మన్ గారి కారు దాటాలి కనక. విశ్వంభరరావు గారు మైకు ముందు నలభై నిమిషాలు మాట్లాడి, నిప్పు కనిపెట్టిన ఆదిమానవుడి దగ్గర్నుంచి అందరినీ మందలించాడు. తర్వాత తొలి గుక్క కార్యక్రమం. ఛైర్మన్ గారు ఫొటోగ్రాఫర్ల ముందు పచ్చిపాలు తాగి అంగన్‌వాడీ పథకం ప్రారంభిస్తారు. వేదిక మీదున్న అయిదుగురు అధికారులూ ఆయనతో పాటు తాగాలి.

నాంచారమ్మ రెండు జగ్గులతో వేదిక ఎక్కింది. విశ్వంభరరావు గారు మైకు ఆవిడ వైపు తిప్పి, "పిల్లలు నిత్యము త్రాగు పాలనే పొయ్యుము" అన్నాడు.

"పిల్లలు తాగేవి కాచినవండి."

విశ్వంభరరావు గారు జగ్గుల వైపు వంగి చూశాడు.

"అనగా?"

"కుడిచేతి జగ్గులోవి ఎనిమిది నెలలుగా పిల్లలకి పోస్తున్నవండి. కాచి చల్లార్చినవి. పిల్లలు జబ్బు పడకపోవడానికి కారణం అదొక్కటే. ఎడమచేతి జగ్గులోవి ఏడుకొండలు ఇప్పుడే పితికి తెచ్చినవి. మీ ఆర్డరు ప్రకారం ఉన్నవి ఇవి. మేడంగారికి ఇదేం తెలీదు, ఆవిడ ముప్పావుగంట పూజలో ఉంటారు. ఏవి పొయ్యమంటారు?"

అధికారులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎడమచేతి జగ్గు మొదటి అధికారి ముందుకి వెళ్ళగానే ఆయనకి ఆ రోజు ఉపవాసమని గుర్తొచ్చింది. రెండో ఆయనకి షుగరు. మూడో ఆయన పుట్టినప్పటి నుంచీ పాలు ముట్టడు. నాలుగో ఆయన ఫోను మోగకుండానే ఎత్తి మాట్లాడుకుంటూ వేదిక దిగిపోయాడు. విశ్వంభరరావు గారు గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "నేను ఉదయముననే శుద్ధి ముగించుకొని వచ్చితిని" అన్నాడు.

మిగిలింది ఛైర్మన్ గారు. ఆయన ఫొటోగ్రాఫర్లను చూశాడు. జగ్గులోకి చూశాడు. పాల మీద గేదె వెంట్రుక ఒకటి మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. కొండ మీద ముంతలో ఆయనకి వెంట్రుకలు కనపడలేదు, గడ్డమాయన ముంత చీకట్లో ఇచ్చి ఉంటాడు. మెల్లగా నాంచారమ్మ వైపు వంగాడు.

"కుడిచేతివే పొయ్యమ్మా. సాయంత్రం నాకు ఇంకో మీటింగుంది."

ఆయన మెల్లగానే అన్నాడు. మైకు మాత్రం మెల్లగా అనలేదు. ఆ మాట ఆవరణ దాటి, కొత్త పలక దాటి, బస్టాండులో ఎగురుతున్నవాళ్ళ దాకా వినిపించింది. వాళ్ళు ఎగరడం ఆపేశారు.

ఛైర్మన్ గారు కాచిన పాలు గ్లాసెడు తాగి, బాగున్నాయని ఇంకో సగం పోయించుకున్నాడు. అంగన్‌వాడీ ప్రకటన కాగితం జేబులోనే ఉండిపోయింది. శాలువా ఎవరికి కప్పాలో తెలియక విశ్వంభరరావు గారు దాన్ని తనే కప్పుకుని జీపెక్కాడు. పర్మినెంటు ఆర్డరు కూడా ఆ జీపులోనే వెనక్కి పోయింది.

పదిహేను రోజులు ఏ కబురూ లేదు. నాంచారమ్మ మాత్రం వంటింటి తలుపులు బార్లా తీసి, పట్టపగలు పాలు కాచింది. హైమావతి పూజ మళ్ళీ రెండు నిమిషాలకి దిగింది. పదహారో రోజున ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది ఉత్తర్వు.

"పచ్చిపాల పథకము అద్వితీయముగా విజయవంతమైనందున యథాతథముగా కొనసాగును. అంగన్‌వాడీలకు సైతము విస్తరించబడును. అయితే పిల్లలకు ఇచ్చుటకు ముందు పచ్చిపాలను మూడు పొంగులు వచ్చువరకు వెచ్చబెట్టవలెను. ఇట్లు వెచ్చబెట్టుట కాచుట క్రిందకు రాదు. వెచ్చబెట్టిన పిమ్మట వాటిని పచ్చిపాలుగానే పరిగణించవలెను."

రెండోది నాంచారమ్మకు మెమో.

"పై ఉత్తర్వులు వెలువడుటకు ఎనిమిది మాసములు ముందుగానే వాటిని అనధికారికముగా అమలుపరచినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

ఆవిడ చెప్పగా హైమావతి జవాబు రాసింది: "అయ్యా, తొందరపడ్డాను. ఇకముందు ఉత్తర్వులకంటే ముందు తెలుసుకోను."

జవాబు సంతృప్తికరంగా ఉందనీ, అయినప్పటికీ వెచ్చబెట్టు విధానంలో మూడు రోజుల శిక్షణ పొంది పరీక్షలో ఉత్తీర్ణురాలైతేనే పర్మినెంటు ఫైలు కదులుతుందనీ, తప్పితే ఉద్యోగం నుంచే తొలగిస్తామనీ తిరుగు టపా వచ్చింది. శ్రీలత ఫోను చేసి, అంగన్‌వాడీలో మూడు పొంగుల పచ్చిపాలు పోస్తున్నారనీ, బుజ్జి మీగడ కోసం పక్కపిల్లతో పోట్లాడుతోందనీ చెప్పింది. నాంచారమ్మ కొత్త చీర కట్టుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

శిక్షణకి అరవై ఇద్దరు వంటమనుషులు వచ్చారు. అందరివీ నెరిసిన తలలే. శిక్షకుడు విశ్వంభరరావు గారు. మొదటి రోజు పాల చరిత్ర, రెండో రోజు పొయ్యి, దాని భాగాలు. మూడో రోజు ప్రదర్శన, దాని మీదే పరీక్ష. ప్రదర్శన ముగిసేవరకు అభ్యర్థులెవ్వరూ సీటు కదలరాదని తలుపు మీద రాశారు.

విశ్వంభరరావు గారి వెనక గ్యాసు పొయ్యి మీద అయిదు లీటర్ల పాలు పెట్టారు. ఆయన వాటికి వీపు పెట్టి, తెర మీద బొమ్మ చూపిస్తూ చెప్పసాగాడు.

"పొంగు అనునది మూడు దశలుగా సంభవించును. ప్రథమ దశయందు అంచుల వెంబడి చిన్న బుడగలు..."

ఆయన వెనక బుడగలు అయిపోయాయి. పాలు గిన్నె నిండి, మధ్యలో గోపురంలా లేచి, అంచు మీద ఒక్క క్షణం ఆలోచించాయి. అరవై ఇద్దరి చేతులూ ఒళ్ళోంచి లేచి మళ్ళీ ఒళ్ళో పడ్డాయి.

నాంచారమ్మ లేచింది. నడిచి వెళ్ళి మంట తగ్గించి, పక్కనున్న పేపరుతో గిన్నె చెవులు పట్టుకుని ఒకసారి అటూ ఇటూ కదిపింది. పాలు సర్దుకున్నాయి.

"ద్వితీయ దశయింకను చెప్పలేదు" అన్నాడు విశ్వంభరరావు గారు వెనక్కి తిరిగి. "అనుమతి లేకుండా ఏల లేచితివి? పొంగు వచ్చినదని నీకు ఎవరు తెలిపిరి?"

"పాలే చెప్పాయండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆవిడను చూశాడు, పాలను చూశాడు. మార్కుల కాగితం దగ్గరికి లాక్కుని చాలాసేపు ఆలోచించి రాశాడు:

"అభ్యర్థినికి పాలతో పూర్వపరిచయము ఉన్నట్లు తోచుచున్నది. ఉత్తీర్ణురాలు."